ఆగిన చోటి నుంచి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి ఎవరు మాట్లాడినా ముందు కాకినాడ టికెట్టు కథే చెబుతారు. 1923 కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది. టికెట్టు చేతికొచ్చాకే లోపలికి పోనిచ్చింది. మంచి కథ. టీచరుగా మా పిల్లలకు నేనూ చెప్పాను. కానీ ఆమె పెట్టిన మన ఆంధ్ర మహిళా సభలో, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను రెండేళ్లలో పదో తరగతి పరీక్షకు సిద్ధం చేసే కండెన్స్‌డ్ కోర్సు చదివిన మా బోటివాళ్లకు ఆమె మరో సంగతి వల్ల దగ్గరయ్యారు. మా చదువులాగే ఆమె చదువూ మధ్యలో ఆగింది.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని తానే చెప్పారు. గాంధీగారి పిలుపు విని ఇంగ్లీషు బడి మానేశారు. అలా బడి మానేసిన చిన్నపిల్లే ఆడవాళ్లకు హిందీ నేర్పే పాఠశాల పెట్టింది. ఆ తర్వాత ఉప్పు సత్యాగ్రహం, మూడుసార్లు జైలు. 1933లో బయటికొచ్చేసరికి వయసు ఇరవై నాలుగు. చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్టు కూడా లేదు.

అప్పుడు మొదలుపెట్టారు. ఇంట్లో చదువుకుని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాశారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఆడపిల్లలకు హాస్టలు లేదు కనక సీటు కష్టమన్నారు. ఆమె వెనక్కి రాలేదు, తనలాగే ఆగిపోయిన అమ్మాయిల కోసం పేపర్లో ప్రకటన వేయించారు. వచ్చినవాళ్లతో కలిసి తామే హాస్టలు నడుపుకున్నారు. రాజనీతి శాస్త్రంలో బి.ఎ. ఆనర్స్ అయ్యాక మద్రాసులో లా. 1942లో ఆ పట్టా చేతికొచ్చేనాటికి ముప్ఫై మూడేళ్లు. జైల్లో చూసిన నిరక్షరాస్య ఖైదీలు, తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియక శిక్ష పడ్డ ఆడవాళ్లు, ఆమెను లా వైపు తిప్పారు.

సభ పుట్టింది ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో. ముందు అదొక పిల్లల బృందం. పిల్లల వెంట తల్లులు, వాళ్లతోపాటు బాల్యవివాహమై ఇంట్లో ఉండిపోయినవాళ్లు, వితంతువులు వచ్చారు. తాను రాసిన బెనారస్ మెట్రిక్ పరీక్షకే వాళ్లను కూర్చోబెట్టి చదివించారు. నా దృష్టిలో ఆమె చేసిన పనులన్నిటికీ మూలం ఆ తరగతి గదిలో ఉంది. తన ఒక్కదాని పట్టుదలతో దాటిన దారిని, అంత పట్టుదల లేనివాళ్లు కూడా నడవగలిగేలా చదును చేశారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో పని చేయడానికి గ్రామసేవికలు, దాయీలు (మంత్రసానులు), నర్సులు, టీచర్లు కావాలి. ఆ శిక్షణలకు కావలసిన చదువు ఉన్న ఆడవాళ్లు పల్లెల్లో దొరకరు. పట్నం నుంచి పంపితే ఉండరు. అందుకని ఊళ్లో ఉన్న స్త్రీలనే చదివించాలని 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సు పథకం మొదలుపెట్టింది. మద్రాసు గదిలో జరిగిన చదువే దేశమంతటికీ వెళ్లింది. అదే ఏడాది స్త్రీ విద్యపై వేసిన జాతీయ కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు. ఆడవాళ్ల చదువును మామూలు విద్యాశాఖ పనుల్లో ఒకటిగా కాక ప్రత్యేక సమస్యగా చూడాలని ఆ కమిటీ 1959లో గట్టిగా చెప్పింది.

1981 మే 9న ఆమె పోయారు. నేను హైదరాబాదులో సభ గడప తొక్కింది ఆ తర్వాత కొన్నేళ్లకు. ఆమెను చూసే భాగ్యం లేదు. మాది భువనగిరి దగ్గర పల్లె. ఏడో తరగతితో పెళ్లి, చంకలో బిడ్డతో తిరిగి పుట్టిల్లు. బిడ్డను అమ్మకప్పగించి ట్రంకు పెట్టెతో హాస్టలుకొచ్చాను.

మా క్లాసు గురించి చెప్పాలి. నా పక్క బెంచీలో నాకంటే పదేళ్లు పెద్దావిడ. ఆమె కొడుకు అప్పటికే పదో తరగతి. తల్లీ కొడుకూ ఒకే పరీక్షకు చదువుతున్నారు, సెలవులకు ఇంటికెళ్తే ఇద్దరూ ఒకే లాంతరు ముందు కూర్చునేవాళ్లట. వడ్డీ లెక్కలు మాలో ఎవరికీ కష్టం కాలేదు. అప్పు తెచ్చిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లం, నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి ఎంతో నోటితో చెప్పేవాళ్లం. ఆల్జీబ్రా దగ్గర మాత్రం చాలామంది ఏడ్చారు. మా లెక్కల మేడమ్ ఒక్కనాడూ విసుక్కోలేదు. చిన్నపిల్లలకు ఏళ్లు పట్టేది మీకు రెండేళ్లు చాలు, లోకం చూసి వచ్చారు కదా అనేవారు. ఆ కోర్సుకు పునాది ఆ నమ్మకమే. పెద్ద వయసును లోటుగా చూడకుండా పెట్టుబడిగా చూసింది.

రాజ్యాంగ సభ చర్చల గురించి చదివినప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ముప్ఫై ఐదు అని ప్రతిపాదన వస్తే, ముప్ఫై చాలని సవరణ తెచ్చి నెగ్గించుకున్నది ఆ సభలో సభ్యురాలైన దుర్గాబాయి గారే. ఇప్పటికీ ముప్ఫైయే. తెలివి వయసును బట్టి రాదని వాదించారు. చదువు ఆలస్యమైన మనిషి, యువతరం కోసం ఆ వాదన చేశారు. ఏ పనికి ఏ వయసో ఊరు తేల్చేయడాన్ని ఆమె రెండు వైపుల నుంచీ ఎదిరించారని నాకు అనిపిస్తుంది.

పదో తరగతి పాసయ్యాను. టీచరు ట్రైనింగు చేసి, సర్కారు బడిలో చేరి, అక్కడే రిటైరయ్యాను. మధ్యలో బడి మానేసిన ఆడపిల్ల ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ తల్లిదండ్రుల ముందు నా సంగతే చెప్పేదాన్ని. కొందరు పంపారు. పంపనివాళ్లే ఎక్కువ. వాళ్లలో ఒకమ్మాయి పెళ్లయి పదేళ్లకు నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఇప్పుడు చదవొచ్చా టీచర్ అని అడిగింది. ఓపెన్ స్కూలు ఫారం నేనే నింపాను.

మన సభ తెచ్చే ఇలాంటి సంచికల్లో డిగ్రీ చదివిన అక్కచెల్లెళ్లు రాస్తారు, కండెన్స్‌డ్ వాళ్లం రాయడానికి జంకుతాం. మాది రెండేళ్ల చదువే కదా అనుకుంటాం. నాతో చదివినవాళ్లలో నర్సులైనవాళ్లు, అంగన్‌వాడీలో చేరినవాళ్లు, కుట్టు మిషన్ మీద పిల్లల్ని ఇంజనీర్లను చేసినవాళ్లు ఉన్నారు. కొడుకుతోపాటు పరీక్ష రాసిన అక్క కబురు నాకు అందక చాలా ఏళ్లయింది. ఇది చదివిన మీలో ఎవరైనా ఆ రోజుల్లో మా హాస్టల్లో ఉండి ఉంటే, సంచిక కమిటీకి నాలుగు ముక్కలు రాయండి. రాయడం కష్టమైతే చెప్పండి, నేను వచ్చి రాసుకుంటాను.