మైనస్ 28 నుంచి మైనస్ 19కి: శివారు ఇంటికి ఫైబర్ తెచ్చుకున్న నా అనుభవం

పంచాయతీ ఆఫీసుకు భారత్‌నెట్ (పల్లెలకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం) ఫైబర్ ఎప్పుడో వచ్చింది. అక్కడి నుంచి మా శివారు ఇళ్లకు 3 కిలోమీటర్లు. కష్టమంతా ఆ 3 కిలోమీటర్లలోనే. మొదటి దశల్లో కేబుల్ చాలా ఊళ్లలో పంచాయతీ గదిలోనే ఆగిపోయింది. 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన పథకాన్ని ఆమోదించి, ఐదేళ్లలో కోటిన్నర పల్లె ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వాలని పెట్టుకుంది. ఇంటిదాకా లైను లాగేది ‘ఉద్యమి’ అనే స్థానిక భాగస్వామి. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపినవాళ్లకు ఈ పని కొత్తేం కాదు.

దరఖాస్తుకు ఆధార్, ఫోటో, ఓటీపీ చాలు, పది నిమిషాల పని. డబ్బు కట్టేముందే మా వీధి స్తంభం మీది స్ప్లిట్టర్ (ఒక ఫైబర్ వెలుగును పాయలుగా చీల్చి ఇళ్లకు పంచేది) డబ్బా మూత తీయించి చూశాను. 8 పోర్టుల్లో 2 ఖాళీగా ఉన్నాయి. అన్నీ నిండిపోయి ఉంటే రసీదు చేతికొస్తుంది గానీ లైను రాదు. ఓఎన్‌టీ (ఫైబర్‌ను ఇంట్లో ఇంటర్నెట్‌గా మార్చే డబ్బా) అద్దెదా, సొంతమా, డిపాజిట్ వెనక్కి ఇస్తారా అన్నది కూడా రసీదు మీదే రాయించుకున్నాను.

స్తంభం మీది డబ్బా నుంచి ఇంటికి 180 మీటర్ల డ్రాప్ కేబుల్ (ఇంటికి దించే సన్న ఫైబర్ తీగ) పట్టింది. ఇందులో రెండు రకాలున్నాయి: ఊతానికి ఉక్కు తీగ ఉన్నది, లోహమే లేనిది. కరెంటు తీగల కింద పోతుంటే రెండోదే అడగాలి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద లాగిన పెద్ద కేబుల్ కూడా లోహం లేని రకమే (ఏడీఎస్ఎస్ అంటారు). రోడ్డు దాటే చోట కేబుల్ బాగా ఎత్తులో ఉండాలి. కోతల తర్వాత వరిగడ్డి నింపుకొచ్చే ట్రాక్టర్ ఎంత ఎత్తుంటుందో తెలిసినవాళ్లకు వేరే కొలత అక్కర్లేదు. ఇంటి దగ్గర ఓ 5 మీటర్లు చుట్టి వదిలించాను. రేపు కోతులు తెంపితే మళ్లీ లాగి జాయింట్ వేయడానికి పనికొస్తుంది.

లైను బిగించాక ఓఎన్‌టీలో ఎర్ర లైటు కాసేపు వెలిగేది, కాసేపు ఆరేది. ‘సిగ్నల్ వీక్ సార్, సర్దుకుంటుంది’ అన్నారు లైను వేసినవాళ్లు. ఫైబర్‌లో దానంతట అదే సర్దుకునేది ఏదీ ఉండదు. ఫైబర్‌లో వచ్చే వెలుగు ఎంతుందో కొలిచే పవర్ మీటర్ పెట్టించాను: మైనస్ 28 డీబీఎం (వెలుగు బలానికి కొలత). జీపాన్ (ఇలా స్ప్లిట్టర్లతో ఇళ్లకు ఫైబర్ పంచే పద్ధతి)లో మామూలు ఓఎన్‌టీ పనిచేసేది మైనస్ 27 దాకానే. మైనస్ కాబట్టి అంకె చిన్నదైతేనే మేలు. 3 డెసిబెల్స్ తగ్గితే వెలుగు సగానికి పడిపోయినట్టు.

ఎంత రావాలో కాగితం మీద లెక్క వేశాం. పంచాయతీ గదిలోని ఓఎల్‌టీ (అన్ని ఇళ్లకూ సిగ్నల్ పంపే పెట్టె) నుంచి బయల్దేరేది ప్లస్ 3. దారిలో నాలుగు పాయల స్ప్లిట్టర్ 7 డెసిబెల్స్ తింటుంది, ఎనిమిది పాయలది పదిన్నర. 3 కిలోమీటర్ల ఫైబర్‌కు ఒకటి, కనెక్టర్లు, జాయింట్లకు ఒకటిన్నర. అంటే ఇంట్లో మైనస్ 17 దగ్గర రావాలి. 11 డెసిబెల్స్ ఎక్కడో కారిపోతున్నాయి.

స్తంభం వైపు కేబుల్ విప్పించి, ఇంటి వైపు నుంచి లేజర్ పెన్ను (ఫైబర్‌లోకి ఎర్ర వెలుగు పంపి, తప్పున్న చోట మెరిసేలా చేసేది) పెట్టాం. నల్ల డ్రాప్ కేబుల్‌లో ఏమీ కనబడలేదు, ఆ తొడుగు వెలుగును బయటికి రానివ్వదు. గోడ డబ్బా మూత తీస్తే లోపల కుక్కిన తెల్ల ఫైబర్ ఒక మూల నిప్పుకణికలా ఎర్రగా మెరుస్తోంది. అక్కడ బొటనవేలంత చుట్టలో మెలిపెట్టారు. దాన్ని చేతి గాజంత వెడల్పుగా చుడితే మైనస్ 23కి వచ్చింది. (లేజర్ వైపు గానీ ఫైబర్ కొస వైపు గానీ కన్ను పెట్టొద్దు. అసలు సిగ్నల్ వెలుగు కంటికి కనబడదు కాబట్టి ప్రమాదం తెలియదు కూడా.)

రెండో తప్పు ప్యాచ్ కార్డ్‌లో (గోడ డబ్బా నుంచి ఓఎన్‌టీకి తగిలించే చిన్న ఫైబర్ తీగ) ఉంది. ఓఎన్‌టీ సాకెట్ ఆకుపచ్చది, తగిలించిన కనెక్టర్ నీలిది. రెండూ ఒకేలా దూరిపోతాయి గానీ, ఆకుపచ్చదాని కొస 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలిదానికి ఆ వాలు ఉండదు. మధ్యలో సందు మిగులుతుంది. రెండు వైపులా ఆకుపచ్చ ఉన్న కార్డ్ పెడితే మైనస్ 19. మిగతా 2 డెసిబెల్స్ పాత జాయింట్లలో ఎక్కడో పోతున్నాయి. వాటి జోలికి పోలేదు.

ఎర్ర లైటు ఆరింది గానీ, ఓఎల్‌టీతో లైను కలిసిందని చెప్పే పాన్ లైటు మిణుకుమంటూనే ఉంది. వెలుగు అందుతోంది, ఓఎల్‌టీ మాత్రం మన డబ్బాను గుర్తుపట్టలేదని దానర్థం. ఓఎన్‌టీ సీరియల్ నంబరును ఆఫీసులో నమోదు చేసేటప్పుడు ‘బి’ని 8గా ఎక్కించారు. ఫోన్లో చదివి చెప్పకుండా స్టిక్కర్ ఫోటో పంపితే ఈ తిప్పలుండవు. నంబరు దిద్దాక రెండు నిమిషాల్లో లైటు నిలిచింది. స్పీడు వైఫైలో చూడలేదు. ముందు ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు తగిలించి చూశాం, ప్లాన్‌లో చెప్పినంతా వచ్చింది.

ఇక కరెంటు. ఓఎన్‌టీది 12 వోల్టులే, మినీ యూపీఎస్ మీద గంటల తరబడి నడుస్తుంది. దారిలోని స్ప్లిట్టర్లకు అసలు కరెంటే అక్కర్లేదు. కానీ పంచాయతీ గదిలో బ్యాటరీ నిలవకపోతే, లేదా సాయంత్రం తాళం వేసేవాళ్లు మెయిన్ కట్టేస్తే, మన యూపీఎస్ ఎందుకూ కొరగాదు. అందుకే ఎర్ర లైటు రాగానే ముందు పక్కింట్లో చూస్తాను. వాళ్లకూ ఎర్రగానే ఉంటే పంచాయతీకి ఫోను, నాకొక్కడికే అయితే లైన్‌మ్యాన్‌కు. ఓఎన్‌టీ వెనక మార్కర్‌తో ‘మైనస్ 19’ అని తేదీతో సహా రాసి పెట్టాను. లైన్‌మ్యాన్ మీటర్ తీయగానే ముందు అది చూపిస్తాను.