అమెరికా నుంచి హైదరాబాద్ కారు అమ్మడం: ఆర్‌సీలో పేరు మారేదాకా

నేనుండేది టెక్సాస్‌లో, కారు ఉన్నది హైదరాబాద్‌లో నాన్నగారి ఇంటి ముందు. ఇలాంటి అమ్మకంలో మొదట మనసులో పెట్టుకోవాల్సింది ఒకటే: తాళం ఇచ్చి డబ్బు తీసుకున్న రోజు కాదు, ఆర్‌సీలో పేరు మారిన రోజే బండి అమ్ముడుపోయినట్టు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో ఇదే తేల్చింది. ఆ కేసులోని కారు వరసగా చాలా చేతులు మారింది. ప్రమాదం జరిగేనాటికి అది ఇంకెవరి దగ్గరో ఉంది. అయినా ఆర్‌సీలో పేరు మారలేదు కాబట్టి, పరిహారం బాధ్యత ఎప్పుడో అమ్మేసిన ఆయన మీదే పడింది. ఊళ్ళో ఉన్నవాళ్ళు కనీసం ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగగలరు. దేశం బయట ఉన్నవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు కాబట్టి పని క్రమం ముందే గీసుకోవాలి.

బేరం పెట్టకముందే ఆర్‌సీ తీసి ఫైనాన్స్ గడి చూడండి. లోను ఎప్పుడో తీరిపోయినా బ్యాంకు పేరు అక్కడ అలాగే ఉండిపోవడం చాలా మామూలు. అది తీసేయించడానికి బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బ్యాంకు ముద్రా సంతకం ఉన్న ఫారం 35 రెండు ప్రతులు కావాలి. బ్యాంకు ఎన్ఓసీకి సాధారణంగా మూడు నెలలే గడువు. లోను తీరిన ఏడాది వచ్చిన కాగితం బీరువాలో భద్రంగా ఉన్నా ఇప్పుడు పనికిరాదు, కొత్తది అడగాలి. బ్యాంకులో నమోదైన మీ ఈమెయిల్ నుంచే అడిగి, కాగితాలు మీ నాన్నగారి చేతికివ్వమని సంతకం చేసిన లేఖ జతచేస్తే పని నడుస్తుంది. పేరు మార్పుతో కలిపి కూడా ఫైనాన్స్ తీయించవచ్చు గానీ, ముందే తీయించేయడం మంచిది. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు కనపడితే కొనేవాడు బేరం తగ్గిస్తాడు. పెండింగ్ చలాన్లు కట్టేయడం, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అమలులో ఉండేలా చూడటం నాన్నగారు ఒక పూటలో ముగించే పనులు.

అసలు బరువంతా ఫారం 29, ఫారం 30ల మీదే. 29 అమ్మినవాడు ఇచ్చే నోటీసు, రెండు ప్రతులు. 30లో మొదటి భాగం అమ్మేవాడిది, రెండోది కొనేవాడిది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం బండి అదే రాష్ట్రంలో ఉంటే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కూడా అడుగుతారు: నంబరు చెక్కిన చోట పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. ముందు అక్కడి మట్టి, నూనె తుడవాలి. లేకపోతే ఒక అంకె అలికినట్టు వస్తుంది, ఆ ఒక్క అంకెకే కాగితం తిప్పి పంపుతారు.

పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీ వాళ్ళు మొదటి ఫోన్‌లోనే అడిగేది, "ఖాళీ 29, 30 మీద సంతకాలు చేసి పంపించండి సార్, మిగతాది మేం చూసుకుంటాం" అని. పంపకండి. కొనేవాడి పేరు గడి ఖాళీగా ఉన్న ఫారంతో ఆ బండి నెలల తరబడి మీ పేరు మీదే చేతులు మారుతుంది. వాళ్ళకి ప్రతి పేరు మార్పూ ఖర్చే కాబట్టి ఆఖరి కొనుగోలుదారు దొరికేదాకా ఆగుతారు. ఈలోపు పడే చలాన్లు, జరిగే ప్రమాదాలు అన్నీ మీ ఖాతాలోకే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల్లో దీనికి ఒక దారి ఉంది: పాత బండ్ల డీలరు ఆర్టీఏ దగ్గర అధికారపత్రం తీసుకోవాలి, మీరు బండి అప్పగించినట్టు ఫారం 29సీ ద్వారా తెలపాలి. అందరు డీలర్లూ ఆ పత్రం తీసుకోలేదు. కాబట్టి పత్రం చూపించమని అడగండి. చూపించలేకపోతే, బండి వాడుకునే మనిషికే నేరుగా అమ్మండి. పదో ఇరవయ్యో వేలు తక్కువ వచ్చినా నేను అదే మేలంటాను.

మీ బదులు సంతకం చేసే మనిషికి స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. ఈ ఒక్క బండికి సరిపడా రాయండి, జనరల్ పవర్ అవసరం లేదు. బండి నంబరు, ఛాసిస్, ఇంజన్ నంబర్లు, ఫారం 28, 29, 30, 35ల మీద సంతకం చేసే అధికారం, ఆర్టీఏలో హాజరు, బండి అప్పగింత, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ పనులు, ఒక గడువు తేదీ రాస్తే చాలు. డబ్బు తీసుకునే అధికారం నేను రాయలేదు, అది నేరుగా ఖాతాలో పడాలి.

మన పేర్లతో వచ్చే తంటా ఇక్కడే. ఆర్‌సీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, అమెరికా కాగితాల్లో వెనక్కి పోతుంది. పవర్ మొదటి పేరాలోనే మూడు రూపాలూ రాసి, ఇవన్నీ ఒకే వ్యక్తివని ఒక వాక్యం చేర్చండి. సంతకం కూడా ఆర్టీఏ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. కారు కొన్నప్పుడు తెలుగులో చేసి ఇప్పుడు ఇంగ్లీషులో చేస్తే అనుమానపడతారు.

నోటరీ ముందు సంతకం చేశాక దాని మీద అపోస్టిల్, అంటే ఆ నోటరీ ముద్ర నిజమైనదేనని వేరే దేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ, వేయించాలి. టెక్సాస్‌లో ఇది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు పని, ఒక్కో పత్రానికి 15 డాలర్లు. ఉత్త నోటరీ ముద్రతో పంపి ఊరుకోవద్దు. భారత్ 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. కెనడా 2024 జనవరిలో చేరింది. యూఏఈ, ఖతార్, కువైట్‌లలో ఈ పద్ధతి లేదు, అక్కడివాళ్ళు భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో అటెస్టేషన్ చేయించుకోవాలి.

పత్రం ఇండియా చేరాక ఇంకో పని మిగిలే ఉంటుంది. బయటి దేశంలో రాసిన పత్రానికి అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలని స్టాంపుల చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో కట్టించండి. కొరియర్ కవరు పారేయొద్దు, చేరిన తేదీకి అదే రుజువు.

ఓటీపీల కోసం ఇండియా నంబరు బతికి ఉండాలి. తొంభై రోజులు వాడకపోతే ప్రీపెయిడ్ నంబరు పోయే ప్రమాదం ఉంది. ఆధార్‌కి లింకైన నంబరు పోతే విదేశంలో కూర్చుని మార్చుకోవడం తేలిక కాదు. చిన్న రీఛార్జి చేయిస్తూ రోమింగ్ ఆన్ చేసి ఉంచండి. ఆర్టీఏ స్లాట్ అక్కడ పగటిపూట ఉంటే మనకది అర్ధరాత్రి. ఆ రాత్రి ఫోన్ తలగడ పక్కనే ఉండాలి.

కొనేవాడు ఆంధ్రప్రదేశ్ మనిషైతే ఫారం 28తో ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తీయించాలి, అతను అక్కడ పన్ను కట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. ఇది నెలలు సాగే వ్యవహారం కాబట్టి ధర దగ్గర పడితే నేను తెలంగాణ మనిషినే ఎంచుకోమంటాను.

బండి అప్పగింత, ఆర్టీఏ స్లాట్ ఒకే రోజున పెట్టుకోండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందంలో తేదీతో పాటు గంట, నిమిషం, కిలోమీటర్ల రీడింగ్ రాయించండి. ఉదయం 11:40కి ఇచ్చినట్టు ఉంటే, 12:15కి పడిన చలానా ఎవరిదో తగువుండదు. కొనేవాడి ఆధార్, పాన్ కాపీల మీద అతని సంతకం, బండి పక్కన నిలబడిన ఫొటో తీసుకోండి. పేరు మారాక తిరిగిచ్చేలా ఒక పదివేలు డిపాజిట్‌గా తీసుకోమని నా సలహా, అప్పుడు అతను కూడా త్వరపడతాడు.

డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలోకే (ఎన్ఆర్ఐలు ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఉంచుకునే రూపాయల ఖాతా) రావాలి. ఎన్ఆర్ఐ అయ్యాక పాత సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్చుకోవడం ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధన. సొంతానికి వాడిన కారు మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. కానీ 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు, కాబట్టి "సగం క్యాష్" అనే బేరానికి ఒప్పుకోవద్దు.

పేరు మారకముందే ఇన్సూరెన్స్ రద్దు చేయకండి. మారాక మాత్రం కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లేఖ అడగండి. ఆ బోనస్ బండిది కాదు, మీది. 50 శాతం దాకా ఉండొచ్చు, మూడేళ్ళలోపు ఇండియా వచ్చి కారు కొంటే వాడుకోవచ్చు.

ఫాస్టాగ్ మాత్రం అప్పగింత రోజునే అద్దం మీంచి గీకించి, బ్యాంకులో మూయించండి. మరిచిపోతే రెండు రోజులకే పంతంగి టోల్ దగ్గర మీ ఖాతాలోంచి డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది. తర్వాత వారానికోసారి రవాణా శాఖ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూస్తుండండి. కొత్త పేరు కనిపించిన రోజు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఒప్పందం, ఫారం 29 రసీదుతో కలిపి దాచి, అప్పుడు డిపాజిట్ వెనక్కివ్వండి.