నూర్‌లీస్‌కి తెలుగేమిటి

ఆకాశంలో ఆ ఆకుపచ్చ వెలుగు మొదటిసారి చూసినప్పుడు మా పాపకి మూడేళ్ళు. నార్వే ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న ట్రోమ్సోలో ఉండేవాళ్ళం అప్పుడు. ఊరికి దక్షిణం కొసన టెలిగ్రాఫ్‌బుక్తా అని చిన్న బీచ్ ఉంది. అక్కడ మంచులో నిలబడి ఉన్నాం. కొండల వెనక ఎవరో తడి చీర జాడించినట్టు వెలుగు లేచి, మా నెత్తి మీదికి వచ్చేసింది. కింది అంచంతా గులాబీ రంగు. పాప నా మెడ పట్టుకుని “నూర్‌లీస్! అమ్మా, నూర్‌లీస్!” అని అరిచింది. ఉత్తరపు వెలుగు అని ఆ మాటకు అర్థం. బాలబడిలో నేర్చుకుంది.

నేను అక్కడికక్కడే సరిదిద్దాను. “ధ్రువకాంతి అనాలి నాన్నా, తెలుగులో చెప్పు” అన్నాను. పిల్ల నోరు మూసుకుంది. ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ధ్రువకాంతి నేనూ పుస్తకంలో చదివిన మాటే. మా అమ్మ నోట ఎన్నడూ వినలేదు. ఇంట్లో ఎవరూ అనని మాట కోసం దాని సంబరాన్ని మధ్యలో ఆపేశాను.

తెలుగు దానికి వేరే దారిన దగ్గరైంది. వెలుగు ఆడుతున్నప్పుడు ఈల వెయ్యకూడదని, వేస్తే కిందికి దిగొచ్చి ఎత్తుకుపోతుందని అక్కడి సామీ ప్రజల్లో పాత నమ్మకం. పిల్లలందరికీ తెలుసు. ఒక రోజు వీడియో కాల్‌లో పాప ఈ సంగతి నెల్లూరులో ఉన్న మా అమ్మకి చెప్పింది. అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా “అవును తల్లీ, రాత్రిళ్ళు ఈలేస్తే ఇక్కడ పాములొస్తాయి” అంది. పాప కళ్ళు పెద్దవి చేసి నా వైపు తిరిగింది. “అమ్మమ్మకి కూడా తెలుసు!” ఇక ఆ రోజు నుంచి అమ్మమ్మతో మాట్లాడటానికి తెలుగు మాటలు తనే అడిగి తీసుకునేది. నేను గోడకి అంటించిన అచ్చుల చార్టు వల్ల కాని పని అది.

2023లో చెన్నై వచ్చేశాం. తిరువాన్మియూరులో ఇల్లు, బడిలో తమిళం. నూర్‌లీస్ ఇక్కడికెందుకు రాదని మేడ మీదికి వెళ్ళిన ప్రతి రాత్రీ అడిగేది. గిన్నె బోర్లించి చూపించాను. సూర్యుడి నుంచి వచ్చే కణాలను భూమి అయస్కాంతం ధ్రువాల చుట్టూ ఉంగరంలా మళ్ళిస్తుంది. వంద కిలోమీటర్ల పైన అవి ఆక్సిజన్‌ని తాకితే ఆకుపచ్చ వస్తుంది. ట్రోమ్సో ఆ ఉంగరం కిందే ఉంది, మనం చాలా కింద ఉన్నాం. 2024 మే 10 రాత్రి పెద్ద సౌర తుపాను వచ్చినప్పుడు లదాఖ్‌లోని హాన్లేలో కెమెరాలకు ఎర్రటి వెలుగు చిక్కింది. ఆ ఫొటో చూసి, మనకి మాత్రం రాలేదని ఏడ్చింది.

నెల్లూరు వెళ్తూ సూళ్ళూరుపేట దాటుతుంటే ఇంకో సంగతి చెప్పాను. సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 అనే అంతరిక్ష నౌక 2023 సెప్టెంబరు 2న ఈ పక్కనే శ్రీహరికోట నుంచి వెళ్ళిందని, ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉందని. “అయితే ముందు అమ్మమ్మ వాళ్ళకే తెలుస్తుంది” అంది. నేను కాదనలేదు.

2024 అక్టోబరులో, చెన్నైలో సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు పొడుగునా సముద్రం నీలంగా మెరుస్తోందని ఫోన్ల నిండా వీడియోలు. రాత్రి ఆ రోడ్డు మీదే ఉన్న నీలాంకరై బీచ్‌కి వెళ్ళాం. వెన్నెల ఉన్నా అల విరిగిన చోటల్లా నీలి గీత. నాక్టిలూకా అనే కంటికి ఆనని జీవులు, నీళ్ళు కదిలితే వెలుగుతాయి. అవి మరీ పెరిగితే చేపలకు మంచిది కాదంటారు. పాప చెప్పులు వదిలేసి పరిగెత్తి, “అమ్మా, కడల్ మిన్నుదు!” అని తమిళంలో అరిచింది. సముద్రం మెరుస్తోందని.

ఈసారి నేను నోరెత్తలేదు. “అవును, మిన్నుదు” అన్నాను.

కాసేపటికి తనే ఫోన్ అడిగింది. “అమ్మమ్మా, సముద్రంలోకి నూర్‌లీస్ వచ్చింది. కాలు పెడితే మెరుస్తోంది. ఈల మాత్రం వెయ్యలేదు.”

“మంచి పని చేశావు తల్లీ. ఎట్టుంది, చెప్పు.”

పాప చెప్పడం మొదలుపెట్టింది. తెలుగు అందని చోట తమిళం, అదీ అందకపోతే నార్వే మాట. అవతల అమ్మ అన్నిటికీ ఊ కొడుతోంది.