పిలకల కోసం తాండిక్కుడి దాకా

తమిళనాడులోని వత్తలగుండు బస్టాండులో, కొండ మీది తాండిక్కుడి ఊరికెళ్లే బస్సు కోసం గంటన్నర నిలబడ్డాను. ఎక్కాక సీటు లేదు, ఘాట్‌లో మలుపు వచ్చినప్పుడల్లా ఎవరిదో ఎరువు బస్తా నా కాళ్ల మీదకి ఒరిగేది. మదురై, పళని బాగానే చూశాను గానీ ఇంత దూరం వచ్చింది విరూపాక్షి అరటి పిలకల కోసమే.

అరకు దగ్గర మా తోటలో గ్రాండ్ నైన్ రకం అరటి పెట్టి దెబ్బతిన్నాం. చలికాలం ఆకు రావడమే ఆగిపోయింది, గెల మొవ్వులోనే ఇరుక్కుని చివరికి కాండాన్ని పక్కకు చీల్చుకుని సగమే బయటికొచ్చింది. ఆ గెలను చూసి మా అమ్మ రెండు రోజులు బాధపడింది. అందుకే 2,000 నుంచి 5,000 అడుగుల ఎత్తులో, మా దగ్గరలాగే కాఫీ, మిరియాల మధ్య పండే ఈ కొండ అరటి మీద ఆశ పెట్టుకున్నాను.

తాండిక్కుడిలో టీ కొట్టు దగ్గర ఒక్క పండు 15 రూపాయలన్నారు, మా సంతలో ఆ డబ్బుకి మూడొస్తాయి! కానీ తొక్క ముడతలు పడి నల్లబడ్డా లోపల గుజ్జు గట్టిగా ఉంది, నీరు తక్కువ, తీపి వెనక సన్నటి పులుపు. పళని పంచామృతానికి ఈ పండే ఎందుకు కావాలంటారో నోట్లో పెట్టుకున్నాకే తెలిసింది.

నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే ఓ పెద్దాయన దగ్గరికొచ్చాడు. తరాల కిందట ఇటు వచ్చిన కుటుంబమట, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. పిలకలు అడగ్గానే ఏమీ అనకుండా తన తోటకి తీసుకెళ్లి ఒక చెట్టు చూపించాడు. ఆకులు చిన్నవైపోయి, నిక్కబొడుచుకుని, తల దగ్గర కుచ్చులా కట్టుకుపోయాయి, తొడిమ మీద ముదురాకుపచ్చ గీతలు. బంచీ టాప్, అరటికి వచ్చే వైరస్ తెగులు.

"పక్క చెట్టు పిలక ఇచ్చాననుకో, చూడ్డానికి బాగానే ఉంటుంది నాయనా, లోపల వైరస్ ఉంటే నీతో పాటు మీ కొండకీ వస్తుంది. ఆ తర్వాత పేనుబంక పురుగు ఊరంతా అంటిస్తుంది" అన్నాడు.

వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చానని గొంతు పెంచాను, తప్పే. ఒకప్పుడు ఈ కొండల్లో ఎటు చూసినా ఇదే అరటి ఉండేదని, తెగులు వచ్చి కళ్లముందే తోటలు పోయాయని చెబుతుంటే ఆయన చెయ్యి ఆ ఎండిన ఆకు మీదే ఉంది. వైరస్ లేదని టెస్ట్ చేసిన, ల్యాబ్‌లో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలైతేనే తీసుకెళ్లమని, దారిలో తడియన్‌కుడిసై ఉద్యాన పరిశోధన కేంద్రంలో అడగమని చెప్పి, ఒక అత్తం పండ్లు కోసిచ్చి డబ్బు తీసుకోలేదు.

తిరుగు బస్సు అక్కడికి చేరేసరికి చీకటి పడింది, గేటు మూసి ఉంది. మర్నాడు పొద్దున్నే వత్తలగుండులో మళ్లీ అదే బస్సు ఎక్కాను.