సెల్లార్లో అష్టాచమ్మా

పదకొండున్నరైంది. ఇంట్లో మేలుకుని ఉన్నది నేనూ, కూలరూ. దాంట్లో నీళ్ళు అడుగంటినట్టున్నాయి, గరగరమంటోంది. లేచి పోయాలి. లేవబుద్ధి కావడం లేదు.

సంగతేమిటంటే, సాయంత్రం మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. మా సెల్లార్ నేల. దాని మీద పసుపు చాక్‌పీసుతో గీసిన ఐదైదుల పాతిక గళ్ళు, నాలుగు వైపులా నాలుగు ఇంటూలు, నట్టనడుమ ఒకటి. కింద ఇంగ్లీషులో రెండు లైన్లు. కామన్ ఏరియాని పాడుచేయొద్దని, తల్లిదండ్రులు పిల్లల్ని కాస్త అదుపులో పెట్టుకోవాలని. పేరు పెట్టలేదు. పెట్టకపోతే మాత్రం? ఆ గీతలు స్కేలు పెట్టి కొట్టినట్టున్నాయి. బిల్డింగులో అంత తిన్నగా గీసేది మా పెద్దదొక్కతేనని సంక్రాంతి ముగ్గులప్పటి నుంచీ అందరికీ తెలుసు. ఆ మెసేజీ కింద పదమూడు బొటనవేళ్ళు. లెక్కపెట్టాను. అందులో ఒక వేలు, పోయిన నెల మా ఇంట్లోంచి అరకిలో ఇడ్లీ రవ్వ పట్టుకెళ్ళినావిడది.

సరే, పాడుచేయడం గురించే మాట్లాడుకుందాం. ఆ ఫొటోలో గళ్ళకి జానెడు దూరంలో నల్లటి మరక కూడా పడింది. అది ఫొటో పెట్టినాయన కారు కింద కారే ఇంజన్ ఆయిల్. రెండేళ్ళుగా కారుతోంది. పోయిన వానాకాలంలో దాని మీద కాలేసి మా బుడ్డోడు జారిపడితే మోచెయ్యి దోక్కుపోయింది. అప్పుడు నేను ఫొటో తీయలేదు. తీయొచ్చని కూడా తోచలేదు. చాక్‌పీసు గీతలు చెంబుడు నీళ్ళకి పోతాయి. ఆయిల్ మరక ఎన్ని చెంబులకి పోతుందో ఆయన్నే అడగాలి.

జవాబు మూడుసార్లు టైపు చేశాను. మొదటిది మర్యాదగానే ఉంది. రెండోదాంట్లోకి ఆయిల్ వచ్చింది. మూడోదాంట్లోకి రాత్రి పదింటికి వాళ్ళ మనవడు వాయించే డ్రమ్స్ కూడా వచ్చాయి. మా ఇంటాయన వెనక నిలబడి అంతా చదివి, ‘రెండు నెలల మెయింటెనెన్స్ బాకీ ఉన్నాం, గుర్తుందా?’ అన్నాడు. మూడూ కొట్టేశాను.

పిల్లల సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, 49 రోజులు. వీటికి పిల్లల సరదాల కింద రెండు వేలు తీసి పాత బూస్ట్ సీసాలో వేశాను. పెద్దది భాగహారం చేసి రోజుకి 40 రూపాయల 81 పైసలని తేల్చింది. ‘81 పైసలకి ఏమొస్తుంది?’ అని బుడ్డోడు రెండు రోజులు ఆలోచించాడు. జూన్ 12న బడి తెరిస్తే ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, బూట్లు. వాడి పాదాలు ఈ ఎండాకాలమే పెరగాలా?

సమ్మర్ క్యాంపు కూడా అడిగి చూశాను. వీధి చివర స్కేటింగూ, అబాకస్సూ కలిపి పదిహేను రోజులకి తలకి నాలుగున్నర వేలట. ఇద్దర్నీ చేరిస్తే ఐదొందలు తగ్గిస్తానన్నాడు పెద్దమనసు చేసుకుని. లిఫ్టులో రెండో అంతస్తావిడ ‘పిల్లల్ని ఎక్కడ జాయిన్ చేశారు?’ అంటే నోటికొచ్చినట్టు ‘ఊరెళ్తున్నామండీ’ అనేశాను. అప్పట్నుంచి రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆవిడకే ఎదురుపడుతున్నాను. ఆవిడ పాపం ఏమీ అడగదు. అదే నాకు బాధ.

మొదటి వారం బానే గడిచింది. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, నాకూ పెద్దదానికీ జీరో టికెట్. ఏడేళ్ళ మొగాడికి మాత్రం హాఫ్ టికెట్. ‘అమ్మకి ఫ్రీ, అక్కకి ఫ్రీ, నాకెందుకు డబ్బులు? నేనేం చేశాను?’ అని బస్సంతా వినపడేలా అడిగాడు. కండక్టరమ్మ నవ్వి టికెట్ చింపి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక ఆ టికెట్‌ని బాక్సులో దాచుకుని, ఇంట్లో డబ్బులిచ్చి బస్సెక్కింది తనొక్కడేనని చెప్పుకుంటున్నాడు. మ్యూజియంలో పన్నెండు కావస్తుంటే గడియారం ముందు జనంలో చోటు పట్టుకుని కూర్చున్నాం. బుల్లి మనిషి బయటికొచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికెళ్ళిపోయాడు. ‘ఒంటిగంటకైతే ఒక్కటే కొడతాడా? మళ్ళీ వచ్చి చూద్దాం’ అని వాడి పట్టు. సరేనని మాటిచ్చాను. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. డజను ముంజలు నూట ఇరవై అన్నాడు, బేరమాడకుండా వచ్చేశాను. మధ్యాహ్నాలు ఫోన్ కోసం ఇద్దరూ కొట్టుకోవడం మొదలైంది.

ఇవాళ 21వ రోజు. పొద్దున్నే అష్టాచమ్మా ఆలోచన వచ్చింది. గవ్వలు లేవు, చింతపిక్కలతో ఆడదామనుకున్నాను. మనమిప్పుడు కొనేదంతా గింజ తీసిన చింతపండు. కిరాణా కొట్టులో పిక్కలున్నాయా అని అడిగితే అతను నా మొహం వంక చూసి, పిల్లల వంక చూసి, లేవన్నాడు. చివరికి వాచ్‌మన్ వాళ్ళావిడ ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండు విప్పి గుప్పెడు తీసిచ్చింది. వాటిలో నాలుగు ఏరి, సెల్లార్ మెట్టు గరుకు మీద ఒకవైపు అరగదీశాం. నల్లటి తొక్క పోయి లోపల తెల్లగా తేలేదాకా. రుద్దిన పిక్క కాలుతుంది కదా, పెద్దది తెలియక పట్టుకుని కెవ్వుమంది. అంతే, బుడ్డోడికి ఇక ఆటతో పని లేదు. రుద్దడం, అక్క చేతికి అంటించడం, పరిగెత్తడం. నేను నేర్పలేదు. మా అన్నయ్యకీ ఎవరూ నేర్పి ఉండరు. నా మెడ మీద ఎన్నిసార్లు అంటించాడో.

గంటలో ఆరుగురు పిల్లలు చేరారు. స్కేటింగు నుంచి వస్తూ ఒకడు మోకాలి తొడుగులతోనే బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. నాలుగు తెలుపులు పడితే చమ్మ, నాలుగు నలుపులు పడితే అష్ట, రెండిటికీ ఇంకో పందెం. అరగంటలో నాకన్నా వాళ్ళకే బాగా వచ్చేసింది. రెండున్నర గంటలు ఎవరూ ఫోన్ అడగలేదు.

అదీ ఆ ఫొటోలో ఉన్న నేరం.

మా భట్టిప్రోలులో అయితే గళ్ళు గియ్యడం కాదు, చెక్కించారు. అమ్మమ్మగారింటి వీధరుగు మీద నాపరాళ్ళు పరిచినప్పుడే రాతిపనివాడి చేత ఒక బండ మీద అష్టాచమ్మా గళ్ళు ఉలితో కొట్టించారట. ఆ ఇల్లు కట్టినాయన ఎంత రసికుడో. హంపి వెళ్ళినప్పుడు గుడి మండపంలో నేల మీద అలాంటి ఆటల గళ్ళే కనపడితే ‘ఇది మా అరుగే’ అని నేనరిచిన అరుపుకి మా ఇంటాయన సిగ్గుపడ్డాడు. వేసవి సెలవులిస్తే చాలు, తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి భట్టిప్రోలులో దిగేవాళ్ళం. అమ్మా, ముగ్గురు పిన్నులూ, మేము పదకొండు మంది పిల్లలం. మామయ్య పిల్లలిద్దరితో కలిపి పదమూడు. పగలంతా అరుగు మీదే. గళ్ళ అంచులు మా మడమలకీ, మా అమ్మల మడమలకీ అరిగి నున్నగా అయ్యాయి. కాయలకి ఒకళ్ళు గాజుముక్కలు, ఒకళ్ళు వేపపుల్లలు, మా అన్నయ్య ఎప్పుడూ చొక్కా గుండీలు. మామయ్య ముంజల గెలలు దింపించి తెచ్చేవాడు. బొటనవేలు గుచ్చి జుర్రుకోవడం, ఖాళీ కాయలు రెండిటికి పుల్ల గుచ్చి, పంగల కర్రతో బండి తోలుకోవడం. సాయంత్రం బోరు కింద స్నానాలు. రాత్రి డాబా మీద వరసగా పక్కలు. రెండు నెలలకి మా మీద పైసా ఖర్చు లేదు. ఈ మాట నేను పిల్లలతో ఈ 21 రోజుల్లో ఎన్నిసార్లన్నానో. ‘మా చిన్నప్పుడు పైసా ఖర్చు లేకుండా ఎంత సరదాగా గడిపేవాళ్ళమో తెలుసా?’ పెద్దదానికి ఈ డైలాగు కంఠతా వచ్చేసింది, నాకన్నా ముందే అంటోంది.

అక్కడి దాకా రాసి, ఆయిల్ మరకాయన్ని ఇంకో నాలుగు అందామనుకున్నాను. మధ్యాహ్నం నేను చేసిన ఫోన్ అడ్డొస్తోంది.

ఆటలో గొడవొచ్చింది. వరసగా మూడు అష్టలు పడితే మూడూ మురిగిపోతాయా, మూడోదొక్కటే పోతుందా? నాకు గుర్తు లేదు. అరుగు అక్కడే ఉంది, అత్తయ్య అక్కడే ఉంది, ఇంకెవర్ని అడుగుతాను? స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను.

‘ఏమోనే, ఆ ఆట నాకు రాదుగా’ అంది అత్తయ్య.

‘అదేంటత్తయ్యా! మనరుగు మీదేగా ఆడింది!’

‘మీరాడారు. నేనెప్పుడు కూర్చున్నానే? ఆ గళ్ళల్లో మీరొలకబోసిన మజ్జిగా, ముంజల జిగురూ పుల్లపెట్టి గీక్కోవడమే సరిపోయేది నాకు’ అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. పిల్లలు కూడా నవ్వారు. తర్వాత అమ్మకి చేస్తే టక్కున చెప్పింది, మూడూ మురిగిపోతాయని. అమ్మకి తెలుసు. పిన్నులకీ తెలిసే ఉంటుంది.

అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడు ఈ గరగరలో కూర్చుంటే అదే చెవిలో మోగుతోంది. ఆ రోజుల్లో అత్తయ్యకి ఎన్నేళ్ళు? బావకి ఐదేళ్ళంటే, ఇరవై నాలుగో, ఇరవై ఐదో. నాకిప్పుడున్న వయసుకన్నా పదేళ్ళు చిన్న. పొద్దున పదమూడు కంచాల్లో చద్దన్నం, పెరుగు. మధ్యాహ్నానికి రెండు పొయ్యిలు. ఆవకాయ ముక్కలు కొట్టే రోజులు కూడా అవే. నలుగురు ఆడపడుచులు పుట్టింటికొచ్చి నడుం వాలుస్తారు, అది వాళ్ళ హక్కు. మరి అత్తయ్య పుట్టిల్లు చీరాల. ఎంత దూరమని? పొద్దున బయల్దేరితే భోజనాల వేళకి వెళ్ళొచ్చు. మేమున్న రెండు నెలల్లో ఒక్కసారి వెళ్ళినట్టు నాకు గుర్తు లేదు. వెళ్తే పదమూడు కంచాలెవరు కడుగుతారు? మా బావకి కూడా అమ్మమ్మగారిల్లు ఉంది. చీరాల నుంచి వాడరేవు ఎంతో దూరం లేదు, సముద్రం. వాడు ఏ వేసవన్నా అక్కడ గడిపాడా? మా ముంజకాయ బళ్ళ వెనక పరిగెత్తడమే గుర్తుంది నాకు.

పైసా ఖర్చు లేదట. మాకు లేదు, అంతే.

అత్తయ్యని ఓ వారం రమ్మందామా అనుకున్నాను. వస్తే ఇక్కడా తిన్నగా వంటింట్లోకే వెళ్ళి చింతపండు నానబెడుతుంది. నేనూ కూర్చోమనను, నా గురించి నాకు తెలీదూ?

ఆ ఫొటో పెట్టినాయన్ని వెనకేసుకురావడం లేదు. ఆయిల్ మరక విషయంలో నేను నా మాట మీదే ఉన్నాను. పదమూడు బొటనవేళ్ళ మీద కూడా. ఇడ్లీ రవ్వ మీద మరీ. కాకపోతే రేపు పొద్దున ఐదింటికి బకెట్ పట్టుకుని ఆ గళ్ళు రుద్ది కడిగేది ఆయన కాదు, నేనూ కాదు, చింతపిక్కలిచ్చినావిడ. ‘చెంబుడు నీళ్ళకి పోతాయి’ అని పైన ఎంత తేలిగ్గా రాసేశానో చూడండి. కొట్టేద్దామనుకున్నాను. ఉండనివ్వండి.

ఇందాక చెంబూ పాతగుడ్డా పట్టుకుని తలుపు దాకా వెళ్ళాను. ఆట సగంలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. చీకటి పడిందని ఆపారు. రేపు పొద్దున అక్కణ్ణుంచే మొదలట, బుడ్డోడి కాయ పండటానికి ఇంక మూడే కావాలి. ఏ కాయ ఏ గడిలో ఉందో పెద్దది రఫ్ నోటుబుక్కులో గీసి పెట్టుకుందిలెండి, మళ్ళీ గీయొచ్చు. కానీ వాడు ఒప్పుకోడు. అక్క రాసుకున్నది తప్పంటాడు, కాయ ఒక గడి ముందే ఉందంటాడు. ఉన్నా ఉండొచ్చు, పెద్దది కూడా తక్కువదేం కాదు.

వెనక్కి వచ్చేశాను. ఐదింటికి అలారం పెట్టుకున్నాను, ఆవిడకన్నా ముందు దిగితే చూద్దాం. ఇలాంటి అలారాల చరిత్ర మీకు తెలుసు.

అన్నట్టు, ఒంటిగంట దెబ్బ చూపిస్తానని రేపటికి మాటిచ్చాను వాడికి. రేపు శుక్రవారమని ఇప్పుడు తట్టింది. శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు. హాఫ్ టికెట్ చిల్లర విడిగా తీసి తలగడ కింద పెట్టుకుని మరీ పడుకున్నాడు. సీసాలో ఇంకా 870 ఉన్నాయి.

చెంబు చేతిలోనే ఉంది. కూలర్లో నీళ్ళు పోసి పడుకుంటాను.