వరిచేలో మిత్రులు, శత్రువులు: బడి చార్టు గీసేముందు

పురుగుల చార్టు అనగానే నిలువుగా ఒక గీత కొట్టి, ఒకపక్క పచ్చగా ‘మిత్రులు’, ఇంకోపక్క ఎర్రగా ‘శత్రువులు’ అని రాసేయడం బడుల్లో మామూలే. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ ఆ పురుగు చేలో ఎక్కడ ఉంటుందో, దాన్ని ఎవరు తింటారో అందులో కనబడదు. గోదావరి డెల్టాలో సార్వాకీ దాళ్వాకీ వరే ఊడుస్తారు కాబట్టి, చార్టు మధ్యలో ఒక్క వరి దుబ్బును పెద్దగా గీసి, పురుగులన్నిటినీ వాటివాటి చోట్ల కూర్చోబెట్టండి.

22 × 28 అంగుళాల డ్రాయింగు షీటు నిలువుగా పెట్టుకోవాలి. పైన 3 అంగుళాలు పేరుకి, అడుగున 4 అంగుళాలు నీళ్లకీ బురదకీ వదిలి, మిగతాదంతా దుబ్బుకిచ్చేయండి. శత్రువులు ఐదు, మిత్రులు ఐదు చాలు. అంతకు మించితే పేర్లు ఇరుకైపోయి ఎవరూ చదవరు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు పోయేది సుడిదోమ దగ్గర. పిల్లలు దాన్ని ఆకు మీద గీస్తారు. అది ఉండేది దుబ్బు మొదట్లో, నీళ్లకి కాస్త పైన. చేలో దుబ్బు వంచి తట్టి చూస్తే గోధుమరంగు దోమలు నీళ్ల మీద పడి గెంతుతాయి. పొడవు 3–4 మిల్లీమీటర్లే. రసం పీల్చేస్తే చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. రైతులు దోమపోటు అనేది దీన్నే. దాని పక్కనే పచ్చటి మిరిడ్ నల్లిని గీయండి. ఇది దోమ గుడ్లనీ పిల్లల్నీ తింటుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే ముందు పోయేవి ఇలాంటి మిత్రులే. కాండాన్ని చుట్టిన ఆకు తొడుగు లోపల పెట్టిన దోమ గుడ్లు మిగిలిపోతాయి, మళ్లీ దోమ విరగబడుతుంది. చార్టులో ఈ ఒక్క విషయం చెప్పగలిగినా పని అయినట్టే.

కాండం తొలుచు పురుగును మూడు దశల్లో చూపించాలి. ఆకు కొస దగ్గర గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద, కాండం లోపల పురుగు, పైన పసుపు రెక్కల తల్లి పురుగు. ఆడదాని ముందు రెక్కలకి ఒక్కో నల్లచుక్క ఉంటుంది, మరిచిపోకండి. పిలక దశలో మొవ్వు ఎండి, లాగితే చేతికొచ్చేస్తుంది. ఈనే దశలో తగిలితే తెల్లకంకి. గుడ్ల ముద్ద దగ్గర ట్రైకోగ్రామా కందిరీగను పెట్టండి. అది ఆ గుడ్లలోనే తన గుడ్లు పెడుతుంది. ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి పెద్దగా గీయక తప్పదు. అందుకే ప్రతి బొమ్మ పక్కనా అసలు పొడవుతో ఒక నల్లగీత గీయండి. లేకపోతే కందిరీగా తూనీగా ఒకే సైజనుకుంటారు.

అక్షింతల పురుగు సంగతి కొంచెం చిక్కు. వరిలో నున్నగా మెరిసేది దోమల్ని తింటుంది. వంగ, కాకర పాదుల మీద సన్నటి నూగుతో మసకగా కనిపించేది ఆకు గీకేస్తుంది. మిత్ర రకం పిల్లపురుగు నల్లగా మొసలిపిల్లలా ఉంటుంది; దాన్ని శత్రువుల్లో వేసేవాళ్లే ఎక్కువ. తల్లినీ పిల్లనీ పక్కపక్కన గీస్తే ఆ తప్పు జరగదు.

సాలీడు మిత్రుడే, దోమల్ని బాగా తింటుంది. కానీ దానికి 8 కాళ్లు, అది కీటకం కాదు. పేరులో ‘కీటకాలు’ అని రాస్తే సాలీడుకి చోటుండదు, ‘మిత్ర జీవులు’ అంటే సరిపోతుంది. కీటకాలకి ఆరు కాళ్లూ రెక్కలూ నడిమి భాగం నుంచే రావాలి; పొట్టకి అతికించకూడదు. ఎవరు ఎవర్ని తింటారో చూపించే బాణం ముల్లు తినేవాడి వైపుండాలి, అంటే దోమ నుంచి సాలీడు వైపు. చాలామంది తిరగేసి వేస్తారు.

ఆకుముడత, కంపునల్లి, తూనీగ లాంటివి పుస్తకం చూసి గీసేయొచ్చు.

నీటిరంగులు వద్దు, షీటు ముడతలు పడుతుంది. మైనపు క్రేయాన్ మీద స్కెచ్ పెన్ను సరిగ్గా పడదు, కొస కూడా పాడవుతుంది. రంగు పెన్సిళ్లతో నింపి, చివర్లో నల్లపెన్నుతో అంచులు దిద్దండి. చచ్చిన పురుగుల్ని అతికించే ఆలోచన ఉంటే మానుకోండి; మన తేమకి బూజు పడుతుంది, కాళ్లు ఊడతాయి. పేర్లు 2 సెంటీమీటర్ల ఎత్తుండాలి. గోడకి తగిలించేముందు పైనా కిందా సన్నటి వెదురు బద్ద అతికించండి, లేకపోతే వానాకాలంలో షీటు చుట్టుకుపోతుంది.