గోల్కొండ గుంబజ్‌ల దగ్గర ఒక గోడ

హన్మకొండలో తెల్లవారుజామున బస్సెక్కినా, ఉప్పల్ నుంచి మెహదీపట్నం చేరేసరికి సగం ఓపిక అయిపోయింది. అక్కడి నుంచి కుతుబ్ షాహీ రాజుల సమాధులున్న సాత్ గుంబజ్‌కి ఆటోవాళ్లు 300 అడిగారు. ఆ కాస్త దూరానికి అంతా! ఒళ్లు మండి గోల్కొండ బస్సే ఎక్కాను. దిగి నడిచి లోపలికి వెళ్లేసరికి ఎండ ముదిరింది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా సమాధి దగ్గర ఫొటోల గుంపు. నేను అటు పోలేదు. 2013లో మొదలైన మరమ్మతులు అప్పటికి ఇంకా నడుస్తున్నాయి. ఓ మూల పాత రాతిగోడ దగ్గర ఇద్దరు మేస్త్రీలు ఉలి, సుత్తి పట్టుకొని రాళ్ల సందుల్లోంచి సిమెంటు తీస్తున్నారు. పెట్టడం కాదు, తీయడం! అక్కడే ఆగిపోయాను.

మా ఊళ్లో తాత కట్టించిన రాతి ఇంటికి నాలుగేళ్ల కింద ఓ కాంట్రాక్టర్ సందులన్నీ సిమెంటుతో నింపి, గీతలు గీసి ‘ఇక వందేళ్లు చూడక్కర్లేదు’ అన్నాడు. రెండో వానాకాలానికే లోపలి గోడ చెమ్మగిల్లింది. గచ్చు పెచ్చులుగా రాలింది, తెల్లటి ఉప్పు పైకి తేలింది. పైకప్పు కారుతోందనుకొని మా చిన్నాన్న రెండుసార్లు కప్పు బాగు చేయించాడు.

పెద్ద మేస్త్రీది పాలమూరు దిక్కు. అడగ్గానే పని ఆపి చెప్పాడు. “నీళ్లు గోడలకు పోకుంట ఎవ్వలు ఆపలేరు సార్. పోయిన నీళ్లు బయటికి రావాలె. సున్నం సందులకెల్లి వస్తయి. సిమెంటు మూసేస్తె యాడికి పోతయి? లోపటికే వస్తయి.” ఎండకు, చలికి పాత గోడ కాస్త కదులుతుందట. సున్నం ఆ కదలికకు సర్దుకుంటుంది. సిమెంటు సర్దుకోదు, అందుకే రాయి అంచులు ఎగిరిపోతాయి. మిషన్ పెట్టి ఒక్కరోజులో తీసేయొచ్చు కదా అంటే, “రాయి దెబ్బతింటది” అని మళ్లీ ఉలి అందుకున్నాడు.

గానుగలో రుబ్బిన డంగు సున్నం నింపడం కూడా దగ్గరుండి చూశాను. సందు ఎంత వెడల్పుంటే దానికి కనీసం రెండింతల లోతు చెక్కుతారు. దుమ్ము ఊడ్చి, నీళ్లతో తడిపి, సున్నాన్ని ఒకేసారి కాకుండా పొరలు పొరలుగా కూరుతారు. రాయి మొహం మీదికి పులమరు, కాస్త లోపలికే ఆపుతారు. తర్వాత తడి గోనెపట్టాలు కప్పుతారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది, అందుకు తడి కావాలి. ఎండకు చప్పున ఆరిపోతే పొడిపొడిగా రాలిపోతుంది. ఇంత ఓర్పు కావాల్సిన పనికి రోజుకూలీ మాత్రం మామూలు మేస్త్రీకి ఇచ్చినంతే అని విని బాధేసింది. ఈ చేతులు లేకపోతే ఎన్ని కోట్లు మంజూరైనా ఆ గుంబజ్‌లు నిలవవు.

మధ్యాహ్నం అదే ఆవరణలోని బడీ బావోలీ చూశాను. 2013 వానలకు ఒక పక్క కూలిన ఈ మెట్లబావిని మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. గట్టు మీద కూర్చున్నా నా మనసంతా మా ఇంటి గోడ మీదే ఉంది. కోటకు వెళ్లాలన్న ఆలోచన మానుకున్నాను.

అక్కడి నుంచే చిన్నాన్నకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ఇంకో కాంట్రాక్టర్‌తో మాట్లాడి, లోపలి గోడకు వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత కోసం అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడు.

“ఆపు చిన్నాన్నా, అదీ వేస్తే చెమ్మ ఇంకా పైకెక్కుతది.”

“మరేం చేద్దామంటవ్రా?”

“ముందు బయటి సందుల్లో సిమెంటు తీయిద్దాం. గోడ ఆరనిద్దాం. సున్నం పని వానలు పోయినంక.”

“సున్నం పని తెలిసినోళ్లు మన దిక్కు ఎవరున్నరు?”

మేస్త్రీని అడిగాను. దసరా తర్వాత వచ్చి గోడ చూస్తానన్నాడు. బస్సు చార్జీలు, ఇద్దరికి భోజనం మేం పెట్టుకోవాలి. చిన్నాన్న సరేనన్నాడు.